ఎడమ పక్క ముందు తలుపు

నా పని ఎడమ పక్క ముందు తలుపు. కుడి పక్క తలుపు బిగించే అతని ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఒక కారు ఉండేది.

సీట్లు, అద్దాలు, స్టీరింగు అన్నీ ఆ ఎడమ సందులోంచే లోపలికి పోయేవి కాబట్టి ఆ తలుపును చివరికి ఉంచేవారు. లైనులో ఆఖరి పని నాదే. రెండు కీళ్ళు, నాలుగు బోల్టులు, ఒకసారి మూసి చూడడం. చప్పుడు సరిగ్గా వస్తే చేయి ఊపేవాణ్ణి. కారు వెళ్ళిపోయేది.

నారాయణపేట జిల్లా అయిన ఏడాదే ఫ్యాక్టరీ మూతపడింది. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకున్నారని ఊళ్ళో అనుకున్నారు. హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి, మెస్సులు పోయాయి, డ్రైవింగ్ స్కూలులో కుట్టుమిషన్ నేర్పడం మొదలుపెట్టారు. బస్సు కండక్టరు మాత్రం ఇప్పటికీ ఆ గేటు దగ్గర "ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ" అని పిలుస్తాడు. నేనొక్కణ్ణే దిగుతాను.

నేను పిచ్చివాణ్ణి కాదు. ఫ్యాక్టరీ లేదని నాకు తెలుసు. కానీ తెలియడం మనిషిలో ఒక చోట జరుగుతుంది, పొద్దున్నే లేచి చొక్కా వేసుకోవడం ఇంకో చోట జరుగుతుంది. ఆ రెండు చోట్లకూ దారి ఉన్నట్టు లేదు. ఎనిమిదింటికి నా జాగాలో నిలబడతాను. నా ముందు, ఫ్యాక్టరీ మూతపడిన రోజు ఆగిపోయిన కారు ఉంటుంది. దానికి అన్నీ ఉన్నాయి, నా తలుపు తప్ప. తలుపులు బయటినుంచి లారీలో వచ్చేవి. ఆ రోజు లారీ రాలేదు. ఆ తర్వాత ఏ రోజూ రాలేదు. దాని వెనక పదకొండు కార్లు అదే సందు తెరుచుకుని వరుసలో నిలబడి ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి ఇంటికి వస్తాను. నకిరేకల్‌లో మా మేనమామ చూపించిన పనికి పోలేకపోయాను. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు ఒక ఇల్లు బొమ్మ గీయమన్నాడు. గీశాను. ఆయన దాన్ని చాలాసేపు చూసి, తలుపేది అని అడిగి, నిద్రమాత్రలు రాశాడు.

వాచ్‌మన్ దుర్గయ్య నన్ను ఏనాడూ ఆపలేదు. ఫ్యాక్టరీ కట్టింది అతని గొర్లు మేసే బీడులోనే. ఇప్పుడు గొర్లు మళ్ళీ అక్కడే ఉంటున్నాయి, కాకపోతే ఎండకు కార్లలో పడుకుంటాయి. ఏ గొర్రెకు ఏ కారో ఖాయం. ఒకదాని కారులో ఇంకొకటి ఎక్కితే కొట్లాటే.

సోమవారం తుక్కు లారీలు వస్తాయని చెప్పింది అతనే. మొదట షెడ్డు రేకులు విప్పి, తర్వాత కార్లను కోసి తీసుకుపోతారట. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ కారు అట్లాగే పోతే నేను జీవితాంతం ప్రతి పొద్దున్నా బీడులో నిలబడతానని మాత్రం స్పష్టంగా అర్థమైంది.

ఆ సాయంత్రం మొదటిసారి ఇంట్లో అంతా చెప్పాను. మా నాయిన లక్ష్మీనర్సయ్య మగ్గం మనిషి. నేను మగ్గం వదిలి ఫ్యాక్టరీకి పోయినందుకు ఆయన ఆ గేటు వైపు ఎన్నడూ చూడలేదు. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు.

"సగంల లేసినవా?"

లేపారు అన్నాను.

"సగం చీర మీద లేస్తే మనిషి లేసినట్టు గాదు. పానం గుంటలనే ఉంటది."

డాక్టరు ఏడాదిలో చెప్పలేనిది ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకునే చెప్పాడు. ఇనుప తలుపు దొరకదన్నాను. ఇనుముది ఎవడడిగిండు అన్నాడు. అమ్మ అప్పటికే నూలు తీస్తోంది.

మర్నాడు నాయిన ఫ్యాక్టరీలో అడుగుపెట్టాడు. షెడ్డు పొడవు చూసి ఆగిపోయాడు. మా వీధిలో పడుగు సాగదీయాలంటే స్కూటర్లను బతిమాలాలి, వానకు భయపడాలి. ఇక్కడ ఇంత పొడుగు నీడ. తర్వాత ఆయన నా జాగా పక్కనున్న గుంట చూశాడు. కారు కింది భాగం చూడడానికి అందులో దిగేవాళ్ళు. అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడదీసి, లోతు సరిపోయిందన్నట్టు తల ఊపాడు.

"గిది మగ్గం గుంటనేరా. మరి మోటార్లు జేస్తరని ఎందుకు జెప్పినవ్?"

మగ్గం సామాను, అంటే అచ్చు, పేక విసిరే నాడె, తొక్కుడు చెక్కలు ఇంటినుంచి తెచ్చుకున్నాం. దుర్గయ్య గొర్లదొడ్డి గేటు పైపు వంచి తలుపు చట్రం చేసి ఇచ్చాడు. "నర్సన్నా, నా గొర్లకు గూడ నాలుగు తలుపులు నెయ్యరాదే, గాలి గొడ్తాంది" అన్నాడు. నాయిన నవ్వలేదు. కొలతలు అడిగాడు.

నాయినా అమ్మా పడుగు సాగదీస్తుంటే నేను బోల్టులు తిప్పే పానాలు తుడుచుకుంటూ కూర్చున్నాను. నూలు నా కారునుంచి వెనక కారుకు, అక్కడినుంచి ఇంకా వెనక్కి పోయింది. నాకు సంతోషంగా ఉంది. అందుకే లెక్క చూసుకోలేదు. మూడు రోజుల్లో గుడ్డ తయారైంది. ముదురు ఎరుపు, చిన్న గళ్ళు, కింద గుడి బొమ్మల అంచు. చట్రానికి బిగించి కుట్టాక నేను కీళ్ళ మీద పెట్టి నాలుగు బోల్టులూ తిప్పాను. మూశాను.

చప్పుడు రాలేదు. గుడ్డ తలుపుకు చప్పుడేముంటుంది. కానీ నాలో ఏదో మూసుకున్న చప్పుడు విన్నాను. చేయి ఊపాను. కారు కదల్లేదు. ఫర్వాలేదనిపించింది.

"పోదాం నాయినా" అన్నాను.

"యాడికి? ఇంక ఏడున్నయి."

అప్పుడు చూశాను. ఆయన ఎనిమిది తలుపులకు పడుగు వేశాడు. మా దగ్గర ఒక పడుగు ఎక్కితే ఎనిమిది చీరలు దిగాలి. ఒక్కదానికి ఎట్లా వేయాలో ఆయనకు తెలియదు. ఆయన తండ్రికీ తెలియదు. ఒక్క తలుపే కావాలని నేను చెప్పానన్నాను.

"ఒక్క చీరకు పడుగు ఎవడన్న జేస్తడా? నవ్విపోతరు."

మర్నాడు పొద్దున నేను మంచంమీదే ఉన్నాను. ఎనిమిది దాటింది. చొక్కా వేసుకోవాలనిపించలేదు. ఆ హాయి పావుగంట ఉంది. అప్పుడు అమ్మ వచ్చి, మీ నాయిన ఫ్యాక్టరీకి పోయిండు, సద్ది తీస్కపో అంది.

సోమవారం లారీలు వచ్చాయి. వాటితో వచ్చిన అధికారి పేరు రామచంద్రయ్య. ఆయన చేతిలో కాగితం ప్రకారం సగం తయారైన కార్లు తుక్కు, పూర్తయినవి తుక్కు కాదు. పన్నెండూ సగంవే అని రాసి ఉంది. ఆయన నా కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తలుపు తీసి లోపల కూర్చుని, మూసుకుని, అంచు మీద వేళ్ళు ఆనించి చూశాడు. మా ఇంటామెకు అచ్చం ఇట్లాంటిదే ఉందన్నాడు. దిగి, దీనికి అన్నీ ఉన్నాయి, ఇది నా పరిధిలో లేదు అని కాగితంలో ఒక గీత కొట్టాడు.

తర్వాత గుంటలో ఉన్న నాయినను చూసి, "పెద్దాయనా, నువ్ జర లేస్తే మిగిలినవి ఎత్తుకుంటం" అన్నాడు.

నాయిన నాడె విసురుతూ, ఒక్కోదానికి మూడు రోజులు, కూసోండ్రి అన్నాడు. డ్రైవర్లు నిజంగానే గొర్ల పక్కన నీడలో కూర్చున్నారు. రామచంద్రయ్య మంచివాడు, అదే కష్టమైంది. ఆయన నా దగ్గరికి వచ్చి, సాయంత్రందాకా చూస్తా, తర్వాత నూలు తెంపి బండ్లు లాగిస్తా అన్నాడు.

నేను గుంట అంచున నిలబడ్డాను. నాయిన మెడ వెనక చెమట పట్టింది. అదే మెడను రేపటినుంచి బీడులో చూస్తానని తెలిసింది. వాళ్ళు తెంపితే ఆయన ప్రాణం ఇక్కడే ఉండిపోతుంది. నేను లేచిన జాగాలో ఆయన కూర్చుంటాడు. కత్తెర తీసుకున్నాను. చేయి ముందుకు పోలేదు. కంపెనీ నాకు చేసిన పనే నేను ఆయనకు చేయబోతున్నాను.

నాయిన కాళ్ళు ఆపాడు. తల తిప్పలేదు.

"ఎవడన్న జెప్పిండా నీకు, ఆ దినం?"

లేదన్నాను. పొద్దున వచ్చేసరికి గేటుకు తాళం ఉంది.

"మరి నువ్వు జెప్పి కొయ్యి."

ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. చివరికి, "పని బందయింది నాయినా. నువ్వు మంచిగనే నేసినవ్. ఇంక లే" అన్నాను. నా గొంతు నాకే ఎవరో మేనేజరుదిలా వినిపించింది. చెబుతున్నది ఆయనకా నాకా అని ఒక్క క్షణం తేలలేదు.

కోశాను. పోగులు వెనక కారుదాకా ఒక్కసారిగా వదులై నేలమీద పడ్డాయి. నాయిన వాటిని చూసి, అచ్చు విప్పి, చంకన పెట్టుకుని, చేయి చాపాడు. ఆయన కాళ్ళు తిమ్మిరెక్కాయి. నా భుజం పట్టుకుని లేచాడు.

బయట రోడ్డు మీద ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. వెనక రేకులు విప్పుతున్న మోత వినిపిస్తోంది.

"రేపు ఏం జేస్తవ్?" అన్నాడు.

"తెల్వదు."

"నాక్గూడ తెల్వదు" అన్నాడు నాయిన.

బస్సు వచ్చింది. ఇద్దరిలో ఎవరమూ ఆపమని చేయి ఎత్తలేదు. అది వెళ్ళిపోయింది.