నీళ్లు పండాక

మా తమ్ముడు పోయేనాటికి ఆ తొట్టిలో ఒక్క చేప కూడా లేదు. ఉప్పునీళ్లు, తెల్లటి ఇసుక, సముద్రంలోంచి తీసిన నాలుగైదు రాళ్లు, నీళ్లను కదిలించే చిన్న మోటారు, అంతే. నాలుగు బకెట్ల నీళ్లు పట్టే ఆ గాజుతొట్టిని ముందుగదిలో బల్లమీద పెట్టి, నీళ్లు పండాలి, అప్పటిదాకా చేపల ఊసెత్తొద్దు అన్నాడు. నీళ్లు పండడమేమిట్రా, అరటిగెలా అని వెక్కిరించాను. కంటికి కనపడని సూక్ష్మజీవులు ముందు ఆ నీళ్లలో పెరగాలట. చేప వదిలే విషాన్ని అవి విరిచేయాలట. దానికి నెలపైనే పడుతుందట. ఆ నెల తిరక్కుండానే, లిఫ్టు బాగుచేయడానికి వెళ్లినచోట, పనిముట్ల సంచి పక్కన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

నేనూ, మరదలూ మిగిలాం. నాకు పెళ్లీ పెటాకులూ లేవు, మొదటినుంచీ వాళ్లతోనే ఉంటున్నాను. మందుల దుకాణంలో పని. రోజంతా రోగుల గోడు వినీ వినీ నాకు జాలి కాస్త మొద్దుబారింది, నోరు కాస్త పదునెక్కింది. అయినా ఆ పిల్లమీద మాత్రం జాలి పోలేదు. కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో ఆమె చేతిపనికి మంచి పేరుండేది. ఇప్పుడు ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని తొట్టి ముందు కుర్చీలో కూర్చునేది. ల్యాబు యజమాని మంచివాడే గానీ, నెలాఖరులోగా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని నాకు ఫోన్లో చెప్పాడు. ఆ పని కూడా పోతే ఈ పిల్ల ఇక గడప దాటదని నాకు భయం పట్టుకుంది. ఎలాగైనా ఆ కుర్చీలోంచి లేపాలి.

ఆమె కూర్చున్నది ఊరికే కాదు. తొట్టిలోంచి చప్పుడు వచ్చేది. టక్ అని, గాజును లోపలినుంచి ఎవరో గోటితో కొట్టినట్టు.

మా తమ్ముడికి ఒక అలవాటుండేది. ఏదైనా చెప్పబోయేముందు బల్లమీద గోటితో రెండుసార్లు తట్టేవాడు. లిఫ్టు తలుపుల్ని తట్టి, లోపల ఏది వదులైందో వినీ వినీ వచ్చిన అలవాటు. టక్ టక్ అని వినపడిందంటే ఇక వాడి మాట మొదలవబోతోందని మేమిద్దరం తలెత్తేవాళ్లం. ఇప్పుడు తొట్టిలోంచి టక్ అన్నప్పుడల్లా మరదలు అలాగే తలెత్తేది. వాడు రెండుసార్లు కదా కొట్టేవాడు, ఇది ఒక్కటేగా అని నేను వాదించాను. ఇప్పుడు అంతే ఓపిక ఉందేమో వదినా అంది.

తొట్టిలో చేపలు పడితే అది చేపల తొట్టి అవుతుందని నాకు తోచింది. తిరుగుతూ, తింటూ ఏదో ఒక ప్రాణి కళ్లముందు కనపడితే, కనపడనిదాన్ని ఈ పిల్ల మర్చిపోతుంది. చేపలు తెద్దామంటే ముందు ఒప్పుకోలేదు. మొగుడూ పెళ్లాలిద్దరికీ చేపల దగ్గరే తగాదా. ఆమెకు నీలం చేప కావాలి, రేకులాంటి ఒళ్లు, పసుపు తోక. అది పళ్లెమంత పెరుగుతుంది, ఈ తొట్టిలో దానికి అటు తిరిగితే ఇటు తిరగడానికి చోటుండదు అనేవాడు వాడు. మరి ఏది వేద్దామంటే, నీళ్లు పండనీ, అప్పుడు చెప్తా అన్నాడు. చెప్పకుండానే పోయాడు.

"ఆయన చెప్తానన్నారు కదా వదినా. అడుగుదాం," అంది మరదలు.

ఆదివారం మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ పడుతుండగా, నేను టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను, ఈ పిచ్చి ఎంతదాకా పోతుందో చూద్దామని. ఆమె తొట్టి దగ్గరగా వంగి ఒక్కో చేప పేరూ చెబుతోంది, చెప్పి ఆగుతోంది. నీలం చేప. ఏమీ లేదు. క్లౌన్ ఫిష్. ఏమీ లేదు. పక్కింటి కుక్కర్ కూత వినపడింది గానీ తొట్టి మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఇంకేవో రెండు మూడు పేర్లు చెప్పింది. చివరికి, పసుపు గోబీ, అంది.

టక్ టక్.

గ్లాసులో టీ తొణికి చెయ్యి కాలింది. టీలో పంచదార వేయడం కూడా మర్చిపోయావా అని ఆమెమీద కేకలేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. పంచదార సరిగ్గానే ఉంది. ఆమె మాత్రం నవ్వు మొహంతో వెనకే వచ్చి, విన్నావా వదినా అంది. వినలేదన్నాను.

మర్నాడే ఆ పసుపు చేప కోసం దుకాణానికి వెళ్లాను. ఉప్పునీళ్ల చేపలమ్మే ఆవిడకు నా వయసే ఉంటుంది. రబ్బరు ఏప్రాను, మోచేతులదాకా తడి. తొట్టి నీళ్లు సీసాలో తెమ్మని ముందే ఫోన్లో చెప్పింది. చిన్న గాజుగొట్టాల్లో ఆ నీళ్లు పోసి, మందుచుక్కలు వేస్తూ మాట్లాడింది. కొత్తవాళ్లందరూ ముందు నీలం చేపే అడుగుతారట, పెద్ద తొట్టి ఉంటే తప్ప ఇవ్వనంది. మెరిసే చిన్న చేపలు చౌకే గానీ, తరవాత వచ్చినదాన్నల్లా తరిమి కొడతాయట. రంగురంగుల పట్టుచీరలాంటి ఇంకో చేప, బతికున్న పురుగుల్ని తప్ప ముట్టదట, పురుగులు అయిపోగానే కళ్లముందే ఎండిపోతుందట. సంబంధాలు చూసే పెళ్లిళ్ల పేరమ్మలా ఒక్కోదాని గుణగణాలూ చెబుతూ చెబుతూ, గాజుగొట్టాన్ని వెలుతురుకు ఎత్తి ఆగిపోయింది.

"చేపల్లేవంటున్నారు," అంది. "ఈ నీళ్లల్లో ఎవరో తింటున్నారమ్మా."

అక్కడున్న స్టూలుమీద కూర్చుండిపోయాను. ఏమీ లేని తొట్టిలో నీళ్లు ఇలా ఉండవని, రోజూ తిండి పడుతుంటేనే ఇలా అవుతాయని ఆవిడ వివరించింది. అప్పుడు గుర్తొచ్చింది, మరదలు కంచం పట్టుకుని ఆ గదిలోకే వెళుతుంది. ఉడికించిన గుడ్డులో తెల్లసొన చిదిపి చిదిపి పక్కన పెడుతుంది. తిన్నావా అంటే, తిన్నామంటుంది. తిన్నామని ఎందుకంటుందో అప్పుడు తెలిసింది.

ఆవిడకు అంతా చెప్పేశాను, చప్పుడుతో సహా. రెండుసార్లు విన్న సంగతి తప్ప. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. రాళ్లు సముద్రంనుంచి వచ్చేటప్పుడు కన్నాల్లో దాక్కుని ఏదో ఒకటి వస్తుందంది. సుత్తిలాంటి చేతులున్న జీవి అయితే, చేపను వేసిన రోజే చంపేస్తుంది, రాయితో సహా తీసేయాలి. రాయి కింద ఇసుక తవ్వి కుప్పగా పోసి ఉందా అని అడిగింది. ఉంది, మా ఇంట్లో పిల్లి కూడా లేదు, ఎవరు తవ్వారా అని నేనే అనుకున్నాను. అయితే అది పిస్టల్ రొయ్య అంది. పీతకున్నట్టే ఒక డెక్క పెద్దది, దాన్ని ఠక్కున మూస్తే తుపాకీ పేలినట్టు చప్పుడు. కళ్లు సరిగ్గా కనపడవు.

"దానికి కాపలా ఉండే చేప ఒకటుంది. ఒకే కన్నంలో కాపురం ఉంటాయి. మీ తొట్టికి సరిగ్గా సరిపోతుంది," అని వల వేసి పట్టి చూపించింది. పసుపు గోబీ. నేను ఇంకా పేరే అడగలేదు.

ఆవిడ చెప్పినట్టే చేశాం. సంచిని తొట్టిలో తేలేసి, సన్నటి గొట్టంతో చుక్క చుక్కగా మా నీళ్లు అందులో కలిపి, మెల్లగా వదిలాం. వేలెడంత చేప, పెద్ద నోరు, ఎవరిమీదో అలిగినట్టున్న మొహం. పోయి రాయి వెనక దాక్కుంది. ఇది కూడా నీ దారే పట్టింది, మూలకు చేరింది అన్నాను మరదలితో.

ఆ తరవాతి మధ్యాహ్నం ఆమె నన్ను పిలిచింది. రాయి కింద కన్నం మొదట్లో గోబీ కదలకుండా కూర్చునుంది. దాని వెనకనుంచి ఎర్రచారల రొయ్య ఒకటి ఇసుకను తోసుకుంటూ బయటికొచ్చింది, తోసింది, మళ్లీ లోపలికి వెళ్లింది. ఎంత పనిలో ఉన్నా ఒక మీసం మాత్రం చేప ఒంటిమీదే ఆనించి ఉంచింది. గుడ్డివాళ్లు తోడున్న మనిషి భుజంమీద చెయ్యి వేసినట్టు. అంతలో డెక్క మూసింది. టక్.

మరదలు చాలాసేపు చూసింది. దుకాణం ఆవిడ చెప్పినదంతా నేను చెప్పాను, ఇన్నాళ్లూ గుడ్డు తిన్నది ఎవరో కూడా చెప్పాను. ఏడుస్తుందని భయపడ్డాను. ఏడ్చింది, నవ్వింది, రెండూ కలిపి చేసింది.

"ఇదా," అంది. "పాపం, దీనికి ఆయన పేరు పెట్టి ఎంత విసిగించానో."

ఆ పూట గుడ్డు మొత్తం తనే తింది. నెలాఖరుకు ముందే ల్యాబుకు వెళ్లింది. నేననుకున్నది అనుకున్నట్టే జరిగింది. సంతోషించాల్సిందాన్ని.

ఆమె పనికి వెళ్లిన రోజు నాకు సెలవు. గది ఊడ్చాను, కుర్చీ పక్కకు జరపబోయి కూర్చున్నాను. తొట్టిలో చప్పుడు లేదు. కాపలా దొరికాక రొయ్యకు బెదురు తగ్గుతుందని, డెక్క అంతగా కొట్టదని దుకాణం ఆవిడ చెప్పనే చెప్పింది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో పిచ్చిది మరదలని, బుద్ధున్నది నేనని అనుకున్నాను. రోజూ పనినుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, గుమ్మం బయట ఒక్క క్షణం ఆగి ఆ టక్ విన్నాకే లోపలికి వెళ్లింది నేను కాదూ? ఆమె నమ్మినంతకాలం నేను ఆమెను తిట్టుకుంటూ గడిపాను. ఇప్పుడు తిట్టడానికి ఎవరూ లేరు. నా తమ్ముడు పోయాడు.

వేలు ముడిచి బల్లమీద గోటితో రెండుసార్లు తట్టాను. గోబీ బెదిరి కన్నంలోకి దూరింది. కాసేపటికి మెల్లగా తల బయటపెట్టి నావైపు చూసింది. మళ్లీ తట్టాను. అలా ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

తలుపు చప్పుడైంది. మరదలు సంచి దించి, లైటు వేసింది. వేళ్లకు తెల్లటి పిండి అంటుకునుంది, కట్టుడుపళ్ల అచ్చు పిండి. చీకట్లో కూర్చున్నావేంటని అడిగింది. నేను అడగాలనుకున్నది అడిగేశాను. ఆ ఆదివారం గోబీ పేరు చెప్పినప్పుడు నీకు ఎన్నిసార్లు వినపడింది?

"ఒకసారే కదా వదినా. నువ్వసలు వినలేదన్నావుగా."

నేను తొట్టివైపే చూస్తున్నాను. ఆమె వచ్చి నా భుజంమీద చెయ్యి వేసింది, కాసేపు తీయలేదు.

"లే వదినా," అంది. "లేచి కాస్త తిను."