పాలు ఎండే గోలీలు

నెల నిండని పిల్లకు రొమ్ము అందించిన స్వరూప, పిల్ల గుక్కపట్టి ఏడ్చేసరికి గట్టిగా పిండి చూసుకొని, "పెద్దమ్మా, నా పాలు ఎండిపోయినయ్!" అని కేక పెట్టింది.

ఆ కేకకు పొయ్యి దగ్గరున్న లక్ష్మీదేవమ్మ పరుగెత్తుకొచ్చింది. వాకిట్లో పత్తి విత్తనం సంచులు కుడుతున్న భీమయ్య చేతిలో దబ్బనం ఆగిపోయింది. పక్క గదిలో గోడకు ఆనుకొని కూర్చున్న వసంత మాత్రం కదలలేదు. ఎవరింట్లోనో గిన్నె కింద పడ్డట్టు విన్నది, అంతే.

వసంత, స్వరూప అక్కచెల్లెళ్లు. తల్లి ఏనాడో పోయింది. ఇద్దరికీ నెలలు ఒకేసారి నిండేసరికి భీమయ్య ఇద్దరు కూతుళ్లనూ గద్వాల పక్కనున్న తన ఊరికే తెచ్చుకున్నాడు. పురుళ్లు పోయడానికి ఆయన వదిన లక్ష్మీదేవమ్మ పక్కింటి నుంచి వచ్చి ఇక్కడే మకాం పెట్టింది. ముందు స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. తర్వాత వారానికి వసంతకు గద్వాల దవాఖానలో మగపిల్లాడు పుట్టి, మర్నాటికే పోయాడు.

ఆ మర్నాడు వసంతకు పాలు పడ్డాయి. తాగేవాడు మట్టిలో ఉన్నాడని రొమ్ములకు ఎవరూ చెప్పలేదు. గడ్డలు కట్టి, రవిక తడిసి, జ్వరం వస్తే డాక్టరమ్మ పాలు ఎండిపోయే గోలీలు రాసింది. "తల తిరుగుతుంది, కడుపులో వికారంగా ఉంటుంది. లేచేటప్పుడు గోడ పట్టుకొని లే" అని చెప్పి పంపింది.

ఆనాటి నుంచి ఇంట్లో మందులన్నీ భీమయ్య చేతి మీదుగానే నడిచాయి. రాత్రి అన్నాలయ్యాక రెండు గదుల మధ్య నిలబడి పెద్ద కూతురి అరచేతిలో ఒక గోలీ, చిన్న కూతురి అరచేతిలో ఒక గోలీ పెట్టేవాడు. చిన్న కూతురికి రాసింది బాలింత బలానికి. వసంత తన చేతిలోది ఏమిటని ఏనాడూ చూడలేదు. నోట్లో వేసుకొని నీళ్లు తాగేది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. ఏడవమని ఎవరూ అనలేదు గనక ఏడవలేదు.

"ఇద్దరు బాలింతలను ఒక్క కప్పు కింద ఉంచొద్దంటే ఇంటివా భీమయ్యా?" లక్ష్మీదేవమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒకదాని పాలు ఇంకోదానికి గుంజుకుంటయ్. సూడు, పెద్దదాని రవిక సూడు!"

అందరి కళ్లూ వసంత మీద పడ్డాయి. రవిక ముందుభాగం తడిసి నల్లబడి ఉంది. గోలీలు మింగుతూనే ఉంది, పాలు కారుతూనే ఉన్నాయి.

"నా పాలు నీకెందుకే అక్కా?" స్వరూప పిల్లను గుండెకు అదుముకుంది. "నీ పిల్లగాడైతే పాయె. నా పిల్లనన్న బతకనియ్యవా?"

వసంత ఆ మాటలూ గిన్నె చప్పుడులాగే విన్నది.

భీమయ్య గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "పాలు ఎవరియైతేంది? పెద్దదానికి ఉన్నయ్ గదా. జర పిల్లను దాని ఒళ్లె ఎయ్యుండ్రి."

"ఏం మాట్లాడుతున్నవయ్యా?" లక్ష్మీదేవమ్మ విరుచుకుపడింది. "సచ్చిన పిల్లగాని పాలు బతికిన పిల్లకు పడ్తరా? సదువంటె రాకపాయె, అకల్ గూడ లేదా నీకు? పో, పొయ్యి నీ సంచులు కుట్టుకో."

భీమయ్య వెళ్లి సంచుల ముందు కూర్చున్నాడు. కుట్టలేదు.

ఆవుపాలలో నీళ్లు కలిపి గుడ్డపీలికతో పట్టారు. పిల్ల తాగింది, తాగినదంతా కక్కింది. తెల్లారేసరికి విరేచనాలు పట్టుకున్నాయి. పెదవులు ఎండాయి. ఏడుపు సన్నగిల్లి మూలుగులోకి దిగింది. లక్ష్మీదేవమ్మ ఎస్టీడీ బూతుకు వెళ్లి, నాగర్‌కర్నూల్‌లో ఉన్న వసంత భర్త నాగేశ్‌కు ఫోన్ చేసింది. "ఉన్నపళంగ బస్సెక్కి వచ్చి నీ పెండ్లాన్ని తోల్కపో అల్లుడా. అది గడప దాటితే గాని ఈడ పిల్లకు పాలు రావు."

వసంత బట్టలు ఆమె ఎదుటే సంచిలో కుక్కారు. తీసుకెళ్తారా, సరే. ఇక్కడి గోడైనా అక్కడి గోడైనా ఆనుకోవడానికి ఒకటే.

అప్పుడే పెరట్లోకి వెళ్దామని లేచిన స్వరూప గభాలున గుమ్మం పట్టుకుంది. "కండ్లు తిరుగుతున్నయ్ పెద్దమ్మా. అక్క దవాఖాన నుంచి వచ్చినప్పటి సంది గిట్లనే ఉంది. పొద్దున లేస్తే వాంతికొచ్చినట్టే."

గోడ పట్టుకొని లే. డాక్టరమ్మ గొంతు వసంత చెవిలో పలికింది.

తల తిరగవలసింది తనకు. ఒక్కనాడూ తిరగలేదు. ఎండవలసింది తన పాలు. ఎండలేదు. వసంతకు కోపం రాలేదు, భయం వేయలేదు. లెక్క మాత్రం కుదిరింది.

లేచింది. ఇన్నాళ్లలో ఎవరూ చెప్పకుండా ఆమె లేవడం అదే మొదలు. గూట్లోంచి రెండు గోలీల అట్టలూ తీసి చెల్లెలి ముందు పెట్టింది. ఒకదానిలోవి తెల్లగా, లావుగా ఉన్నాయి. రెండోదానిలోవి జొన్నగింజంతే ఉన్నాయి.

"రాత్రి నాయిన నీకిచ్చేది ఏది?"

స్వరూప చిన్నవి చూపించింది. "గిదే. ఎందుకే?"

"అవి నావి. పాలు ఎండేటివి. నేను మింగింది గీ లావుది. మింగినంక నోరంత సున్నం సున్నం ఉంటుండె."

లక్ష్మీదేవమ్మ కూలబడి చెంపలేసుకుంది. "అయ్యో, అయ్యో! గోలీలు మారినయే! సదువు రానోడు, ఏది ఎవరిదో ఆయనకేం ఎరుక? పొరపాటైంది. నేను ఊకెనే పెద్దదాన్ని నోటికొచ్చినట్టు అంటి."

స్వరూప పిల్లను ఎత్తుకొచ్చి అక్క ఒళ్లో పెట్టింది. అక్క ముఖంలోకి చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది.

పిల్ల వెతుక్కొని పట్టుకుంది. గుటక పడింది. మళ్లీ గుటక. వసంత కిందికి చూసింది. రొమ్ములో సలుపు తగ్గుతున్నట్టు తెలుస్తోంది. అంతకుమించి ఏమీ తెలియడం లేదు. తన ఒళ్లో ఎవరో పసిపిల్ల ఉంది, తాగుతోంది.

తల ఎత్తి చూస్తే గుమ్మంలో తండ్రి. పిల్లవైపు కాదు, తన ముఖం వైపే రెప్పవేయకుండా చూస్తున్నాడు. ఆ ముఖంలో ఏదో కనబడాలని కాచుకొని ఉన్నాడు.

"గోలీలు మారినయా నాయినా, మార్చినవా?"

నింద లేదు ఆ గొంతులో. బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టు అడిగింది. తప్పించుకునే దారి లక్ష్మీదేవమ్మ అప్పటికే చూపించింది. ఊ అంటే చాలు. భీమయ్య గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"పొరపాటు గాదు వదినె. సదువు రాకున్నా ఏది ఏందో నాకు ఎరుకే. నేనే మార్చిన. పిల్లగాన్ని బొందల పెట్టి వచ్చినంక పెద్దది ఏడుస్తదని సూసిన. ఏడ్వలే. దినమంత కండ్లు తెరుసుకొని గోడకు కూసుంటుండె. వాళ్ల అమ్మ గూడ పోయేముందు గిట్లనే కూసున్నది. ఒళ్లె ఓ పిల్ల పడితె, ఆ పాలు ఎవరన్న తాగితె, మనిషి మనిషైతదనుకున్న. నిన్ను అడుగుదామంటే నువ్వు ఇయ్యవు స్వరూపా. అడగనీకె నోరు గూడ రాలే. ఒక మడిల నీళ్లు పొర్లుతుంటే పక్క మడి కాల్వ మూసి ఇటు మలుపుతం గదా, గట్లనే అనుకున్న. పెద్దది గుంజుకుందని మీరు తిడ్తుంటే సంచుల కాడ కూసొని ఇన్న. పిల్ల మూలుగుతుంటే గూడ ఇన్న. ఇంకొక్క పూటకు మీరే దాని ఒళ్లె ఏస్తరని ఊకున్న. చిన్నదానికి మల్ల పాలు వస్తయో రావో నాకు తెల్వదు. డాక్టరమ్మను అడుగుదామని గద్వాల దాంక పోయిన. అడిగితె ఎందుకని అడుగుతదని, అడగకనే మర్లొచ్చిన."