వదులు జడ

ప్రమీల చేసే వైద్యం పేరు ఆక్యుపేషనల్ థెరపీ అట. ఆ పేరుకు నా నోరు తిరిగేలోగా జబ్బే నయమైపోతుందనుకున్నాను. మందు లేదు, సూది లేదు. రోజూ సాయంత్రం యూనివర్సిటీ క్వార్టర్లలోని మా ఇంటికొచ్చి, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన నా భార్య బాలలక్ష్మి ముందు చిల్లుల చెక్క ఒకటి పెట్టి, ఆ చిల్లుల్లో పుల్లలు గుచ్చమనేది.

"నేనేమన్న పసిపిల్లనా? తీసెయ్యుమను," అని బాలలక్ష్మి గోడవైపు తిరిగి పడుకునేది.

లేడీస్ హాస్టల్ అమ్మాయిలు పూలజడ కావాలంటే ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. అలాంటి చెయ్యి ఒడిలో ఊరికే పడి ఉంటే చూడలేక, ముద్దలు కలిపి నేనే తినిపించేవాణ్ని.

"అన్నీ మీరే చేస్తే గా చెయ్యి ఎప్పుడు లేస్తది, పెద్దనాయినా?" అంది ప్రమీల. నాకు ఒళ్లు మండింది. ప్రేమ కూడా తప్పేనా?

అది అరవై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. ఆ సాయంత్రం తురాయిపూలు గాలికి వాకిట్లోకి కొట్టుకొస్తున్నాయి. ఇల్లంతా ఎర్రటి వెలుతురు, కలలో ఉన్నట్టుంది. ప్రమీల మా ఇంట్లోనే మూలకు ఉంచే పుల్లల చెక్క తియ్యలేదు. తన జడ విప్పుకుని, మంచం పక్కన నేలమీద వీపు తిప్పి కూర్చుంది.

"పెద్దమ్మా, జడ వెయ్యవా?"

బాలలక్ష్మి చాలాసేపు ఆ జుట్టునే చూసింది. ముందు ఎడమచెయ్యి కదిలింది. దాని వెనకాలే కుడిచెయ్యి, నిద్రలో నడిచే మనిషిలా, మెల్లగా లేచింది. పాయలు జారిపోయాయి. మళ్లీ పట్టుకుంది. నేను సాయానికి లేవబోతే ప్రమీల కళ్లతోనే ఆపింది. గాలి, పూలు, ఆ వేళ్లు తప్ప లోకంలో ఇంకేమీ కదలడం లేదనిపించింది.

చివరికి తయారైంది జడ కాదు, గడ్డితాడు. ప్రమీల దాన్ని అలాగే వేసుకుని వెళ్లింది.

బాలలక్ష్మి మొహం ముడుచుకుంది. "సందు మలగంగనే ఇప్పుకుంటది. పోయి చూసి రా. ఇప్పుకుంటే మాత్రం ఇంక నన్ను సతాయించొద్దు. చెయ్యి కదపనే కదప."

విప్పుకున్నా సరే, విప్పలేదనే చెప్పాలని అబద్ధం సిద్ధం చేసుకునే బయల్దేరాను.

తార్నాక బస్‌స్టాపులో అమ్మాయిలు ప్రమీలను చూసి నవ్వుకుంటున్నారు. జడ దానంతటదే ఊడిపోతోంది. ఆమె చెయ్యి వెనక్కి వెళ్లింది. అయిపోయింది అనుకున్నాను. ఆమె మాత్రం జడ కొసను గుప్పిట్లో బిగించి పట్టుకుంది. బస్సు వచ్చినా ఆ గుప్పిట వదల్లేదు. రెండో చేత్తో కడ్డీ పట్టుకుని, తూలుతూ ఎక్కింది.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఒక్క చేత్తోని బస్సెక్కిందా? పడితే ఎట్ల?" అని కసురుకుంది బాలలక్ష్మి. కళ్లనిండా నీళ్లు. ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే సాగదీసుకుంది.

"గా పుల్లల చెక్క గీడ పెట్టు," అంది. "రేపు గట్టిగ వేస్త."