మూసిన బెజ్జం

అన్యాయం ఎవరికి జరిగింది? లింగానికి. ఎలా జరిగింది? బండి ఇంజన్ కాలిపోయిందన్నారు, ఆ నేరం అతని నెత్తిన వేశారు, పదకొండేళ్లు పట్టుకున్న స్టీరింగును అతని చేతిలోంచి లాక్కున్నారు. నేరం వేసినవారెవరు? ఈ మూడో ప్రశ్న రెండేళ్లపాటు ఎవరూ అడగలేదు. అడగవలసిన మనిషే తీర్పు చెప్పి కూర్చుంది గనుక.

ఆ మనిషి పేరు కమల. పటాన్‌చెరు మార్కెట్లో పప్పుల టోకు దుకాణం ఆమెది. డెబ్బై రెండేళ్లు వచ్చినా గల్లాపెట్టె ముందు ఇంకా తనే కూర్చుంటుంది. పిడికెడు పప్పులో ఒక్క రాయి కనబడితే బస్తా బస్తానే వెనక్కి పంపిస్తుంది. ఆమె ఒక మాట అన్నదంటే బజారులో దానికి తిరుగు లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కొంత గర్వంగానే తెలుసు.

రెండేళ్ల కిందట ఎండలు మండే రోజుల్లో, కందిపప్పు లోడుతో పోతున్న పికప్ బండి రుద్రారం దగ్గర పొగలు కక్కి ఆగిపోయింది. కమల కొడుకు విఘ్నేశ్వర్ పోయి చూసి వచ్చాడు. డ్రైవర్ లింగం స్టీరింగ్ మీద కునుకు తీశాడనీ, వేడి చూపించే ముల్లును గమనించలేదనీ, ఇంజన్ కాలి బొగ్గయిందనీ చెప్పాడు. లింగం దుకాణం మెట్ల మీద నిలబడి వేరే మాట చెప్పాడు. వాటర్ పంపు నెల రోజులుగా కారుతోందని చిన్న సేటు విఘ్నేశ్వర్‌కు నాలుగుసార్లు చెప్పాడట. ముల్లు లేచిన మరుక్షణమే బండి బందు చేశాడట. అబద్ధమన్నాడు విఘ్నేశ్వర్. కమల కొడుకు మాట వైపే మొగ్గింది. లింగం లైసెన్సు కార్డు దుకాణం డ్రాయర్లో ఉండేది. అది ఇవ్వనని చెప్పి అతన్ని పంపించింది. అంతటితో ఆగక, మరునాడు ఆటో కట్టించుకుని డ్రైవర్లు బేరాల కోసం కూడే ముత్తంగి అడ్డా మీదికి స్వయంగా వెళ్లింది. నిద్రపోయే మనిషికి బండి ఇవ్వకండని అందరి ముందూ చెప్పి, అక్కడి డ్రైవర్ల బోర్డు మీద అతని పేరు తుడిపించి వచ్చింది. న్యాయం చేశాననుకుని ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నది.

పక్షం తిరక్కుండానే విఘ్నేశ్వర్ కిస్తుల మీద కొత్త బండి తెచ్చాడు. పాతది గోదాము వెనక తాడిపత్రి పట్టా కింద పడి ఉంది.

ఈ ఏడాది తుక్కు బేరగాడు వచ్చి ధర చెప్పాడు. తుక్కుకు అమ్మినా సరుకేమిటో తెలిసే అమ్మాలన్నది కమల పట్టుదల. ఇస్నాపూర్ నుంచి అంజయ్య అనే పాత మెకానిక్‌ను పిలిపించి, తాను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

అంజయ్య ముందుగా ఇంజన్‌లోని ఆయిల్ పుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. తర్వాత పెద్ద పానా వేసి ఇంజన్‌ను చేత్తోనే తిప్పాడు. అది బరువుగా, కానీ సాఫీగా తిరిగింది.

"ఇంజన్ కాలిందని ఎవరు చెప్పిన్రమ్మా మీకు?" అన్నాడు. "ఇంజన్ పోతే నీళ్లు కలిసి ఆయిల్ మజ్జిగ లెక్క అయితది. ఇది సాఫ్ ఉన్నది. సరైన టైముకు బందు చేసిండు, ఎవడో తెలిసినోడు."

కమల కుర్చీ ముందుకు జరుపుకుంది.

అతను రేడియేటర్ కింది గొట్టం విప్పాడు. తుప్పు రంగు ముద్ద ముద్దగా జారి నేల మీద పరుచుకుంది. చచ్చిన ఎలుక వాసన వంటిది గుప్పుమన్నది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుందే గాని కుర్చీ వెనక్కి జరపలేదు. బెల్టు తీశాడు, ఫ్యాను విప్పాడు, బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసి పంపును ఊడబెరికాడు. అది వదులు పన్నులా ఊగుతోంది. దాన్ని తిరగేసిన అంజయ్య, తూ అని పక్కకు ఉమ్మాడు.

పంపు కడుపు కింద కందిగింజంత బెజ్జం ఒకటి ఉంది. దాని నిండా ఎంసీల్ అనే అంటు ముద్ద, పుండు మీద పెచ్చులా గట్టిపడి ఉంది.

"ఈ బెజ్జం ఎందుకుంటదో ఎరికేనా అమ్మా? లోపలి సీలు పోతే నీళ్లు ఇక్కడికెళ్లి కారాలె. కారితేనే మనిషికి తెలుస్తది. ఎవడో దీని నోరు మూసిండు. నీళ్లు బయటికి పోలేక బేరింగుల పడ్డయి. బేరింగు చెడి పంపు ఆగింది, బండి మసిలింది. డ్రైవర్ కడుపు కొట్టే పని ఇది."

అన్నానికి వచ్చిన విఘ్నేశ్వర్‌ను కమల అక్కడికే పిలిచి అడిగింది. నలభై నాలుగేళ్ల మనిషి, ఫోను మీంచి కళ్లు ఎత్తకుండానే ఒప్పుకున్నాడు. ఎంసీల్ పెట్టింది తనే. బండి కారి గోదాములో బస్తాల దగ్గర తడి అవుతోందని రోజూ లొల్లి చేసింది అమ్మే కదా.

"లింగం వద్దన్నడా?"

"అన్నడు."

"రుద్రారం కాడ ఏ మెకానిక్‌కు చూపించినవు?"

"ఎవలకు చూపియ్యలే," అన్నాడు. ఆమెకు కావలసినదంతా ఆ ఒక్క మాటలోనే దొరికింది. పాతది నడుస్తుండగా కొత్త బండి వద్దని అంతకు ముందు ఏడాదిపాటు తానే కొడుకు నోరు మూయించింది. పాతది చస్తే తప్ప కొత్తది రాదు. అందుకే బతికున్న బండికి చావు కబురు చెప్పాడు.

"ఇగ మంచిదే గదమ్మా. ఇంజన్ బాగుంటే తుక్కు కంటె నాలుగు పైసలు ఎక్కువే వస్తయి," అన్నాడు విఘ్నేశ్వర్, మొహం వెలిగించుకుని.

ఆ వెలుగు చూసి ఆమెకు రోత పుట్టింది. నేల మీది మురికిని చూసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు. అయితే ఆ రోత కొడుకు దగ్గరే ఆగలేదు. పప్పులో రాయిని ఏరే కళ్లు తనవి. ఆనాడు లేచి వచ్చి, ఆ పంపు చూపించమని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. గోదాము నేల పొడిగా ఉండాలనుకుంది, కొడుకు మాట నిజం కావాలనుకుంది. రెండూ అమిరాయి. మధ్యలో ఒక మనిషి నలిగాడు.

కొత్త పంపు తెప్పించింది. అంజయ్య పాత ప్యాకింగు అంటును బ్లేడుతో గీకి, కొత్తది పెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించి, కూలెంటు పోసి, కొత్త బ్యాటరీ కలిపాడు. మూడో తాళానికి బండి అందుకుంది. గంటసేపు నడిపినా ముల్లు సగం దాటలేదు.

మరునాడు ఉదయం కొడుకు చేతనే ఆ పాత బండి నడిపించుకుని గుమ్మడిదల వైపు, లింగం ఊరికి వెళ్లింది. లింగం మందుల కంపెనీలో డ్రమ్ములు ఎత్తే పనికి పోతున్నాడు. అరచేతుల తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. అతని భార్య నర్సింహమ్మ గడపలోనే నిలబడి, తమ బోరు నీళ్లు తాగరానివనీ, కొన్న నీళ్లు పిల్లలకే సరిపోతాయనీ చెప్పింది. కూర్చోమనలేదు.

కమల జరిగినదంతా దాచకుండా చెప్పి, లైసెన్సు కార్డు ముందుకు చాపింది. లింగం దాన్ని అందుకోలేదు.

"కార్డు డ్రాయర్ల ఉండె, తెచ్చిన్రు. పేరు మాత్రం ముత్తంగి అడ్డ మీద తీస్కున్నరు. అక్కడ బోర్డు మీదికెళ్లి నా పేరు తుడిచిన్రు. తుడిపించినోళ్లే వచ్చి, నోటితోని చెప్తె తప్ప మళ్ల రాయరు. అది అడ్డ కాయిదా, కట్టుబాటు."

"వస్త," అన్నది కమల.

"కొడుకు మీద తోసి చెప్పకున్రి. ఆ దినం అడ్డ మీదికి వచ్చింది మీరు."

లింగం కూడా బండెక్కాడు. ముత్తంగి దారి పొడుగునా విఘ్నేశ్వర్ తల్లిని బతిమాలాడు. ఏదో పొరపాటు జరిగిందంటే చాలదా, బజారులో దుకాణం పరువు ఏం కావాలి, రేపటి నుంచి ప్రతి డ్రైవరూ ఎదురు మాట్లాడడా అన్నాడు. లింగం కిటికీ వైపు కూర్చుని రోడ్డునే చూస్తున్నాడు. అలాంటి మాటే ఒకటి ఆమె మనసులోనూ మెదిలింది: తెలియక జరిగింది. చెప్పడానికి ఎంత సుఖమైన మాట. ఆ సుఖమే ఆమెకు అసహ్యమనిపించింది.

ముత్తంగిలో రింగు రోడ్డు వంతెన నీడలో ఇరవై మంది దాకా డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. అడ్డా పెద్ద చంద్రకాంత్ లేచి స్టూలు వేయించబోయాడు. ఆమె వద్దన్నది.

"రెండేండ్ల కింద ఇక్కడ నిలబడి, లింగం నిద్రపోయి నా బండి కాల్చిండని చెప్పిన. అబద్ధం. ఇంజన్ కాలనే లేదు. దాన్ని బతికించిందే లింగం. పంపు నోరు మూసింది నా కొడుకు. చూడకుండ, అడగకుండ తీర్పు చెప్పింది నేను."

చంద్రకాంత్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గంత పెద్దమనిషివి, ఆ దినం కండ్లద్దాలు పెట్టుకోలేదా అమ్మా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"పెట్టుకున్న. చూడలేదు," అన్నది కమల.

నవ్వు ఆగిపోయింది. చంద్రకాంత్ సుద్దముక్క తీసుకున్నాడు. పేరు చివర రాయబోతుంటే, తుడిచింది నాలుగో నంబరు మీద అని ఆమే గుర్తు చేసింది. కింది పేర్లన్నీ ఒక్కో మెట్టు జరిపి, నాలుగో వరుసలో లింగం పేరు రాశాడు. అప్పుడు లింగం లైసెన్సు కార్డు అందుకున్నాడు.

ఆమె బండి తాళంచెవిని, సంతకాలు పెట్టిన బదిలీ కాగితాలను కూడా అతని చేతిలో పెట్టింది. రెండేళ్ల కష్టానికి ఒట్టి మాట సరిపోదని, సగం తీర్చిన బాకీ బాకీయేనని చెప్పింది. "అమ్మా, బండి కూడనా?" అన్నాడు విఘ్నేశ్వర్. ఎవరూ అటు చూడలేదు.

లింగం కాగితాలను ఒక్కొక్కటే తిరగేసి, ఏ సంతకమూ మిగిలిపోలేదని నిశ్చయించుకున్నాక జేబులో పెట్టుకున్నాడు.

"బాకీ తీరిందమ్మా, పూర్తిగ తీరింది. మీ దుకాణం లోడు మాత్రం ఇగ నేను ఎత్తను."

ఆ మాటలోనూ అన్యాయం ఏమీ కనబడలేదు కమలకు. సరేనన్నది. కొడుకును వెంటబెట్టుకుని రోడ్డు దాటి, పటాన్‌చెరు పోయే షేర్ ఆటో కోసం ఎండలో నిలబడింది.