పిలిస్తే పలికే రోజుల్లో

ఆ వడ్రంగి కార్ఖానాలో రంపాల కంటే ముందు మేస్త్రి గొంతు లేచేది.

“ఒరేయ్ బక్కోడా! గాలికి ఎగిరిపోకుండా ఆ పలక గట్టిగా పట్టుకోరా!”

అందరూ నవ్వేవారు. బక్కోడూ నవ్వేవాడు. నవ్వక చేసేదేముంది? పనిలో చేరిన రోజునే తన పేరు చెప్పాడు. కొన్నాళ్లు చూసి మళ్లీ చెప్పాడు. “పేర్లు నా బుర్రలో నిలవవురా” అంటూ మేస్త్రి చెయ్యి విదిలించాడు. ఏ ఉలి మొండిదో, ఏ పలక ఏ వానకు వంగిందో మాత్రం అదే బుర్రలో భద్రంగా ఉండేది. మూడోసారి చెప్పడానికి బక్కోడికి మనసు రాలేదు. ఏళ్లు గడిచాయి. తల నెరిసింది, పిలుపు మారలేదు.

ఒక మధ్యాహ్నం గోడకు ఆనించిన పలకలు జారి అతని తలమీద పడ్డాయి.

ఆసుపత్రిలో నర్సమ్మ కట్టు కట్టి మేస్త్రిని మంచం దగ్గరకు పిలిచింది. “స్పృహ వస్తూ పోతూ ఉంది. పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. పలకొచ్చు.”

మేస్త్రి వంగాడు. “ఒరేయ్ బక్కోడా... లేవరా.”

“అది పేరా?” అంది నర్సమ్మ.

మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. పాలిష్ పనివాడు తల దించుకున్నాడు. “అందరం అలాగేగా పిలిచేది, మేస్త్రీ.”

బక్కోడి భార్యను తీసుకురమ్మని పంపిన రంపం పనివాడు ఆమె ఉండే వీధంతా తిరిగాడు. “బక్కోడి ఇల్లెక్కడ?” అని గడపగడపా అడిగాడు. ఆ వీధిలో బక్కోడిని అందరూ అమ్మ పెట్టిన పేరుతోనే పిలుస్తారు. బక్కోడెవడో అక్కడ ఎవరికీ తెలియదు. చివరికి ఒక ముసలమ్మ, “తలుపులు చేసే ఆయనేనా, నాయనా?” అనేసరికి ఎండ వాలిపోయింది.

అంతసేపూ మేస్త్రి పిలుస్తూనే ఉన్నాడు. “అన్నా... తమ్ముడూ... ఇదిగో, నిన్నేనయ్యా...” లోకంలో ఎవరినైనా పిలవడానికి పనికొచ్చే పిలుపులే అవన్నీ. అతను పలకలేదు.

భార్య పరుగున వచ్చి, చెవి దగ్గర వంగి పేరు పిలిచింది. చిన్న పేరు. అతని రెప్పలు కదిలాయి. ఆమె వేళ్లు పట్టుకున్నాడు. పెదవులు ఏదో అనబోయాయి. అంతే, పట్టు సడలిపోయింది.

“కాస్త ముందు వచ్చుంటే ఒక్క మాటైనా చెప్పేవాడు” అంటూ ఆమె గోడకు జారబడింది. “మా మేస్త్రికి నా పేరే రాదే అని ఇంట్లో నవ్వేవాడయ్యా. నవ్వి, కంచం ముందునుంచి లేచిపోయేవాడు.”

మేస్త్రి వరండాలో కూలబడ్డాడు. “నా పాడు జ్ఞాపకం, అమ్మా...”

“జ్ఞాపకాన్ని ఆడిపోసుకోకండి” అంది నర్సమ్మ. “నేనూ మర్చిపోతాను. మళ్లీ అడుగుతాను. మొహంలోకి చూసి నాలుగుసార్లు ఆ పేరుతోనే పలకరిస్తాను. అప్పుడు ఎక్కడికి పోతుంది? మీరు అడగలేదు, అంతే.”

మర్నాడు మేస్త్రి పాలిష్ పనివాడి ముందు నిలబడ్డాడు. “నీ పేరేమిటయ్యా?”

“గుండోడినే కదా, మేస్త్రీ.”

“అది కాదు. మీ అమ్మ పెట్టింది చెప్పు.”

చెప్పాడు. మేస్త్రి పెదవులు కదుపుతూ పదే పదే అనుకున్నాడు. మధ్యాహ్నానికి మర్చిపోయి, సిగ్గు విడిచి మళ్లీ అడిగాడు. ఈసారి నిలిచింది. పోయినవాడి పేరైతే ఆసుపత్రిలో ఒక్కసారి వింటేనే నిలిచిపోయింది. ఇక పిలిచి ఏం లాభం?

అయ్యలారా, అమ్మలారా, పక్కన పనిచేసే మనిషి పేరు, పిలిస్తే అతను పలికే రోజుల్లోనే నేర్చుకోండి.