గాదె ఎక్కిన చెలంగట్

కప్చోర్వా కొండల మీద మొక్కజొన్న విరుపులు పూర్తయ్యాయంటే ఆడపిల్లల మర్మాంగం కోసే కాలం వచ్చినట్టే. చట్టం ఒప్పుకోదు. అందుకని సువామ్ నది దాటి, అవతలి దేశంలో కోయించుకొని వస్తారు.

చెలంగట్‌కు పదిహేనో ఏట కోశారు. అప్పటి నుంచి ఆమె ఎడమకాలు ఈడ్చుకుంటూనే నడుస్తోంది. తనలాంటి ఆడవాళ్ళను కూడగట్టుకొని ఊరూరా తిరుగుతుంది. తనకేం జరిగిందో దాచకుండా చెబుతుంది. కూతురు చెప్తోయెక్ మీద మాత్రం కత్తి పడనివ్వలేదు. పెళ్ళి చేసింది. మనవణ్ణీ ఎత్తుకుంది.

ఇప్పుడా కూతురే నది దాటుతానంటోందని తెలిసి, కర్ర పట్టుకొని వియ్యాలవారింటికి వచ్చింది.

"ఎవరే నిన్ను బలవంతపెట్టింది? మీ ఆయనా?"

"ఆయనకేం పట్టదమ్మా. నాకే విసుగొచ్చింది. కోయించుకోనిది గాదె ఎక్కకూడదట. పొయ్యి వెలిగించాలంటే, కాసిని గింజలు తీసిపెట్టండని తోడికోడళ్ళ వెంట తిరగాలి. దొడ్లో పేడ ముట్టుకోకూడదు. బిడ్డను కన్నా నన్నింకా 'పిల్లా' అనే పిలుస్తారు."

వాకిట్లో కూర్చొని చేటతో చెరుగుతున్న వియ్యపురాలు యాప్సివా నవ్వింది.

"నేనేం పొమ్మన్లేదు వదినా. చిన్నపిల్లలు ఎక్కితే గింజలకు అరిష్టం, అంతే. మీ మీటింగుల్లో ఈ సంగతి చెప్పరా?"

చెలంగట్‌కు ఒళ్ళు మండింది. "ఏం అరిష్టం వస్తుందో నేనే చూస్తా" అని కర్ర పారేసి నిచ్చెన పట్టుకుంది. స్వాధీనం లేని కాలిని చేత్తో ఎత్తి ఒక్కో మెట్టు మీద పెట్టుకుంటూ ఎక్కింది. గాదె మూత తోసి, గంప నింపి, కూతురికి అందించింది.

"ఏమైంది? ఆకాశం ఊడిపడిందా?"

తోడికోడళ్ళు చప్పట్లు కొట్టారు. "భలే ఎక్కావు అత్తా!"

"నీకెందుకు వస్తుంది వదినా అరిష్టం?" అంది యాప్సివా. ఈసారి గొంతులో వెటకారం లేదు. "నువ్వు కోయించుకున్నదానివి. అవిటి కాలుతోనైనా ఎక్కావు. రెండు కాళ్ళూ బాగున్న నీ కూతురు కింద నిలబడింది."

చెలంగట్ కిందికి చూసింది. చెప్తోయెక్ గంప పట్టుకొని కళ్ళార్పకుండా తననే చూస్తోంది.

"దిగమ్మా, పడతావు."

"నా కాలు చూసి కూడా వెళతావుటే?"

"కాలు చూస్తూనే పెరిగాను. నువ్వు గాదె మీద ఉండగా చూడ్డం ఇవాళే."

తోడికోడళ్ళిద్దరూ చెలంగట్‌ను పట్టుకొని ఎంతో మర్యాదగా దింపారు.

సంత రోజున నది దాటారని తెలిసి చెలంగట్ పోలీసులను వెంటబెట్టుకొని రేవుకు చేరేసరికి ఆడవాళ్ళు అప్పటికే తిరిగొచ్చి ఇవతలి గట్టు ఎక్కుతున్నారు. మధ్యలో చెప్తోయెక్, ఇద్దరి భుజాల మీద వాలి, కాళ్ళు ఎడంగా వేస్తూ నడుస్తోంది. పెదవుల్లో నెత్తురు లేదు.

"ఎవరు తీసుకెళ్ళారమ్మా?" అన్నాడు పోలీసు.

"ఎవరూ కాదు. నా అంతట నేనే వెళ్ళా."

"తనంతట తాను వెళ్ళినా నేరమే. అరెస్టు చెయ్యాల్సింది ఈ అమ్మాయినే" అంటూ అతను చెలంగట్ వైపు తిరిగాడు. "ఫిర్యాదు మీదే కదా. ఏం చెయ్యమంటారు?"

ఎన్నో ఊళ్ళలో, ఎందరి ముందో మాట్లాడిన మనిషి. ఇప్పుడు కూతురి కాళ్ళ వైపు చూసింది.

"వదిలెయ్యండి" అంది.