పద్నాలుగు మిల్లీమీటర్లు

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆదోనిలో ఒక ఆసుపత్రి ఎముకల ఓపీలో ఉరుకుందప్ప అనే హమాలీ ఎడమ కాలర్ బోన్ ఎంత కురచయిందో కొలిచారు. పద్నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. కొలిచింది నాతోనే.

నేను ఒక స్టీలు స్కేలును. పొడవు పదిహేను సెంటీమీటర్లు. హైదరాబాదు శివారులో ఒక రేకుల షెడ్డులో నన్ను కోసి, గీతలు చెక్కారు. మొదట పొలాల పటాలు గీసే ఒక సర్వేయరు దగ్గర పదకొండేళ్లు ఉన్నాను. గట్టు గీత ఒక వెంట్రుకవాసి జరిగితే అన్నదమ్ములు కోర్టుకెళ్లడం అక్కడ చూశాను. ఆయన రిటైరయ్యాక నన్ను కూతురు హిమజకు ఇచ్చాడు. ఆమె ఎముకల డాక్టరు.

విరిగిన కాలర్ బోన్ ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. ఎంత ఎక్కాయో ఎక్స్‌రే మీద నాతో కొలుస్తారు. ఇరవై మిల్లీమీటర్లు దాటితే హిమజ ఆపరేషన్ మాట ఎత్తుతుంది. దాటకపోతే భుజాలకు బెల్టు వేసి పంపుతుంది.

ఉరుకుందప్ప ముందురోజు మార్కెట్ యార్డులో వేరుశనగ మూటతో లారీ ఎక్కుతూ చెక్క పలక జారి పడ్డాడు. ఎక్స్‌రే తీసిన మస్తాన్‌వలి ఫిల్ము తెచ్చి ఇస్తూ నవ్వాడు.

"పెండ్లి ఫొటోకు నిలబడినట్టు నిలబడినాడు మేడమ్ ఈయప్ప. వదులుగా నిలబడప్పా అంటే వినడు."

హిమజ కూడా నవ్వింది. నన్ను ఫిల్ము మీద పెట్టింది.

"ఎంతొచ్చింది మేడమ్?" అన్నాడు ఉరుకుందప్ప.

"పద్నాలుగు. ఆపరేషన్ అక్కర్లేదులే."

"నేను ముందే చెప్తి కదా," అన్నాడు భార్య ఈరమ్మ వైపు తిరిగి. ఆమె అతని నుదుటి మీద చెమట తుడిచింది.

బెల్టు వేసి పంపారు. చూపించుకోవడానికి మళ్లీ రమ్మన్న మూడు తేదీల్లోనూ అతను రాలేదు.

జులై ఎనిమిదిన వచ్చాడు. ఎడమ భుజం ముందుకు ఒరిగి ఉంది. మూట ఎత్తితే చేయి తిమ్మిరెక్కుతోందని, రెండుసార్లు మూట జారిందని చెప్పాడు. బరువు మోయగలడని డాక్టరు కాగితం ఇస్తేనే పనిలో ఉంచుకుంటానని హమాలీల ముఠా మేస్త్రీ అన్నాడట. మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఈసారి అతను వదులుగా నిలబడ్డాడు. ఎముక ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టే అతుక్కున్నాయి. హిమజ నాతో కొలిచింది. ఇరవై ఆరు. ఇంకోసారి కొలిచింది. ఇరవై ఆరే.

"అప్పుడు పద్నాలుగే కదప్పా?"

ఉరుకుందప్ప నేల చూశాడు. ఈరమ్మ చెప్పింది.

"మూట ఎత్తేముందు రొమ్ము విరిచి భుజాలు ఎనక్కి లాగుతారు కదమ్మా, అట్ల నిలబడినాడు. ఎముక సాగి కనపడ్తాదని యార్డులో ఎవరో చెప్పినారంట. పండ్లు బిగబట్టి నిలబడినాడు."

"ఎందుకప్పా?"

"ఆపరేషనంటే ఆరు నెలలు ఇంట్లో ఉండాల మేడమ్. మూడు నెలలు పనికి పోకుంటే హమాలీ నంబరు బిళ్ళ లాక్కుంటారు. నాది మా నాయన మోసిన బిళ్ళ."

హిమజ నన్ను టేబుల్ మీద పెట్టింది. "మస్తాన్ చెప్పినప్పుడైనా నేను అడగాల్సింది," అంది. బరువు మోసే పనికి పనికిరాడని కాగితం రాసింది. అందులో రాయడానికి హమాలీ నంబరు కావాలంటే ఉరుకుందప్ప జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీసి టేబుల్ మీద పెట్టాడు. అరవై ఒకటి. కాగితం తీసుకుని ఇద్దరూ వెళ్లారు. బిళ్ళ నా పక్కనే ఉండిపోయింది.

ఒంటిగంటకు ఓపీ మూస్తూ నర్సు మా ఇద్దరినీ ఒకే డ్రాయరులో వేసింది.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు ముఠా మేస్త్రీ వచ్చాడు. కొత్త మనిషికి కావాలని చెప్పి బిళ్ళ తీసుకుపోయాడు.